తెల్ల పిజ్జా మీద ఎర్ర సాసు

కార్ఖానా క్వార్టర్సు, రెండో అంతస్తు
జనవరి 9

బావమరిదికి,

నేను క్షేమం. నువ్వూ మీ ఆవిడా క్షేమమని తలుస్తాను. మీ అక్క క్షేమం తెలుసుకుందామని మీ ఇంటికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఆమే ఎత్తింది, నా గొంతు వినగానే పెట్టేసింది. ఆమె ‘హలో’ అన్న తీరునుబట్టి జలుబు లేదని మాత్రం తెలిసింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. దీన్ని ఇంటికి కాకుండా నీ షెడ్డుకి ఎందుకు పంపానో నీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

జరిగింది ఆమె చెప్పే ఉంటుంది. నా వైపు నుంచి కూడా ఒకసారి రాసి పెడుతున్నాను. డిసెంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం సాయంత్రం, మీ అక్క ఎనిమిది మందిని ఇంటికి పిలిచింది. మా క్వార్టర్సు వాళ్లు ఏడుగురు, బడి క్యాంటీను నడిపే ఆవిడ ఒకరు. ఏడాదిగా తనంతట తాను కుదుర్చుకున్న తెల్ల పిజ్జాని మీ అక్క ఆ రోజే మొదటిసారి బయటివాళ్లకి పెట్టింది. అది క్యాంటీను ఆవిడకి నచ్చితే వారానికి రెండు రోజులు బడికి చేసి పంపే పని దొరుకుతుంది. ఆ పిజ్జాలో టమాటా సాసు ఉండదు. దాని ప్రత్యేకతే అది. నేనేమో టమాటా సాసు కార్ఖానాలో పందొమ్మిదేళ్లుగా రుచి చూసే ఉద్యోగంలో ఉన్నవాణ్ని.

అందరూ తలా ఒక ముక్క తీసుకున్నారు. ఒకసారి కొరికారు. నేను వంటగదిలోకి వెళ్లి మా కంపెనీ సీసా తెచ్చి నాలుగు పిజ్జాల మీదా సాసు పోశాను. నా ముక్క నేను అప్పటికింకా కొరకలేదు. క్యాంటీను ఆవిడ మరో ముక్క తిని, “సాసు పడ్డాక బాగుందండీ, ఏ కంపెనీది?” అని అడిగింది. మీ అక్క సీసా మీది కాగితం చదివి కంపెనీ పేరు చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆమె బట్టల పెట్టె లేదు. బల్ల మీద చీటీ ఉంది. “రుచి కూడా చూడకుండా పోశారు.” అంతే.

ఎందుకు పోశానని అడుగుతావు. అది వేరే సంగతి.

ఇప్పుడు నా ఉద్దేశం ఏమిటంటే, ఆ పిజ్జా చెయ్యడం నేనే నేర్చుకుని, అచ్చం మీ అక్క చేసినట్టే చేసి, ఆమె ముందు పెట్టి, తప్పయిందని చెప్పి ఇంటికి రమ్మని అడగడం. ఒట్టి చేతులతో అడిగే మొహం నాకు లేదు. నువ్వు ఇరవై ఏళ్లుగా బేకరీల ఓవెన్లు బాగుచేస్తున్నవాడివి. ఆమె ఆ పిజ్జా చేస్తుంటే చూసినవాడివి. తయారీ విధానం రాసి పంపు. వంటగదిలో నాకు బాగా తెలిసినవి ఫ్రిజ్జూ దాని తలుపూ మాత్రమే కాబట్టి వివరంగా రాయి. ఇంట్లో ఉన్న పద్నాలుగు సాసు సీసాలూ కింద వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. ఆయన భయపడ్డాడు.

ఈ ఉత్తరాల సంగతి మీ అక్కకి తెలియకూడదు.

మీ బావ


రైలు గేటు పక్కన, పొయ్యిల మరమ్మతు షెడ్డు
జనవరి 15

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చినప్పుడు నా తల ఒక బేకరీ ఓవెన్ లోపల ఉంది. బయటికి తీసి చదివి, మళ్లీ లోపల పెట్టుకున్నాను. నవ్వు వస్తే అందులో నవ్వుకోవడం మేలనిపించింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క పెళ్లినాటి నుంచీ మీరు అంటూనే ఉన్నారు. ఈసారి చూద్దురుగాని. అక్కకి ఒక్క ముక్క తెలియదు, తెలియనివ్వను.

ఆవిడ ఆరోగ్యం భేషుగ్గా ఉంది. మా వంటింట్లో డబ్బాలన్నీ అటువి ఇటు మార్చేసింది. మా ఆవిడ రోజూ పంచదార కోసం వెతుక్కుంటోంది గాని పల్లెత్తు మాట అనడం లేదు, కాపురానికొచ్చాక ఇంత బాగా తినడం ఆవిడకి ఇదే మొదలు. అక్క ఏడవడం లేదు. మిమ్మల్ని తిట్టడమూ లేదు, అదే నాకు భయంగా ఉంది. మీ మాట ఎత్తితే ‘పొయ్యి మీద పాలున్నాయి’ అని లేచి వెళ్తుంది. వెళ్లి చూస్తే పొయ్యే వెలిగించి ఉండదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. క్యాంటీను ఆవిడ నోరు తెరిచి బాగాలేదని అనలేదట. మిగతా ఏడుగురూ అనలేదట. తినేవాళ్లకి లేని బాధ మీకెందుకు వచ్చింది? కందకు లేని దురద కత్తిపీటకా?

సరే, రాసుకోండి. అరకిలో మైదా. టీస్పూను ఈస్టు, చిటికెడు పంచదార, గోరువెచ్చటి నీళ్లలో వేసి పది నిమిషాలు ఆగితే నురగ వస్తుంది. ఆ నీళ్లతో, ఉప్పూ రెండు చెంచాల నూనే వేసి, పిండి చేతికి అంటుకోవడం మానేదాకా పిసకాలి. గుడ్డ కప్పి గంటన్నర వదిలెయ్యాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. సాసు బదులు పైన రాసేది ఇదీ: వెన్న కరిగించి, దానికి సమంగా మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా తిప్పి, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. వెల్లుల్లి సన్నగా తరిగి వేరే వెన్నలో మగ్గబెట్టి అందులో కలపాలి. మిరియాలు అప్పటికప్పుడు దంచాలి. పైన చీజు, ఉల్లిపాయ చక్రాలు, పుట్టగొడుగులు. ఓవెన్ ఎంత కాలగలదో అంతా కాలాక లోపల పెట్టాలి.

నీళ్లు గోరువెచ్చగా అంటే గోరువెచ్చగానే, బావగారూ.

మీ బావమరిది


కార్ఖానా క్వార్టర్సు, రెండో అంతస్తు
జనవరి 27

బావమరిదికి,

మూడు ప్రయత్నాలు పూర్తయ్యాయి. వివరాలు రాస్తున్నాను.

గోరువెచ్చగా అన్నావు గాని ఎన్ని డిగ్రీలో రాయలేదు. కార్ఖానాలో మేము సాసుని ఎనభై ఐదు డిగ్రీల దగ్గర సీసాల్లో నింపుతాం, దాన్ని వెచ్చగా అనే అంటాం. నీళ్లు అంతే వేడిచేశాను. ఈస్టు చనిపోయింది. గంటన్నర తరవాత గుడ్డ ఎత్తితే పిండి ఎంత పెట్టానో అంతే ఉంది, కొంచెం తగ్గినట్టు కూడా అనిపించింది. అయినా కాల్చాను. బరువు తొమ్మిది వందల ముప్పై గ్రాములు. బల్ల అంచుకి కొడితే చెక్క చప్పుడు వచ్చింది. వాచ్‌మన్‌కి ఇవ్వబోతే ఆయన గేటు దగ్గర ఏదో పని ఉందని వెళ్లాడు.

రెండోసారి పిండి పొంగింది. తెల్ల సాసు చిక్కదనం మా పద్ధతిలో పరీక్షించాను. మా దగ్గర ఒక పలకని వాలుగా నిలబెట్టి, పైన స్పూనుడు సాసు పోసి, అర నిమిషంలో అది ఎంత దూరం జారిందో కొలుస్తాం. ఏడు సెంటీమీటర్లు జారాలి. ఇది జారలేదు. పలకని నిటారుగా పెట్టాను, అప్పుడూ జారలేదు. కాసేపటికి పలకతో సహా కిందపడింది. తుడవడానికి మధ్యాహ్నం పట్టింది.

మూడోసారి పాలు ఎక్కువ పోశాను. ఆరున్నర సెంటీమీటర్లు జారింది. పిజ్జా గుండ్రంగా రావడానికి పెద్ద స్టీలు గిన్నె మూత బోర్లించి కోశాను. వ్యాసం ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. పైభాగం లేత పసుపు, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు. అంచు విరిస్తే కరకరమంది. అడుగు తెల్లగా, మెత్తగా ఉండిపోయింది. దాని గురించి సలహా కావాలి.

ఎందుకు పోశానని అడిగావు. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

ఇంట్లో రెండు కుర్చీలున్నాయి కదా. ఆమె కుర్చీ రోజూ తుడవాల్సి వస్తోంది. ఎవరూ కూర్చోని కుర్చీ మీద దుమ్ము ఇంత త్వరగా పడుతుందని నాకు తెలియదు. ఆమె నా మాట ఏమైనా ఎత్తిందా?

మీ బావ


రైలు గేటు పక్కన, పొయ్యిల మరమ్మతు షెడ్డు
ఫిబ్రవరి 2

బావగారికి నమస్కారాలు.

అడుగు మెత్తగా రావడానికి కారణం మీరు చల్లటి పళ్లెంలో పెట్టి లోపలికి తొయ్యడం. ఇనప పళ్లెం ఒకటి బోర్లించి, అరగంట ముందే ఓవెన్లో కాల్చి, దాని మీదికి పిజ్జాని జార్చాలి. ఇది నా చదువు, ఇందులో నన్ను ఎవరూ తప్పు పట్టలేరు. తెల్ల సాసు గట్టిపడడానికి కారణం మాత్రం మీరు వెన్న పొయ్యి మీద పెట్టి పేపరు చదువుకుంటూ కూర్చోవడం. పాలు పొంగబెట్టినప్పుడల్లా మీరు చేసేది అదే కదా. ఈసారి పేపరు పక్కింట్లో పెట్టి రండి.

ఇంకో సంగతి. ఇంతా రాశారు గాని ఉప్పు సరిపోయిందో లేదో రాయలేదు. వెల్లుల్లి మాడి చేదెక్కిందా? మిరియాలు ఎక్కువయ్యాయా? వచ్చే ఉత్తరంలో రాయండి.

ఇప్పుడు అసలు విషయం. చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ మీరు కుర్చీ గురించి రాశాక చెప్పక తప్పదు. గేటు అవతల బేకరీ ఓవెన్ బాగుచేశాక, కాలుతోందో లేదో చూడ్డానికి అక్క ఒక తెల్ల పిజ్జా చేసి అందులో పెట్టింది. ఓనరు ఒక ముక్క తిన్నాడు. తరవాత మిగతాదంతా తిన్నాడు. తన దగ్గర పనికి చేరమంటున్నాడు, పైన ఉండడానికి గది కూడా ఇస్తానంటున్నాడు. మార్చి పదిహేనులోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. అక్క అవునూ అనలేదు, కాదూ అనలేదు. నిన్న వెళ్లి ఆ గది కిటికీలు కొలుచుకొచ్చింది. కర్టెన్లకి అనుకుంటా.

మీరు తొందరపడాలి.

మీ బావమరిది


కార్ఖానా క్వార్టర్సు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 10

బావమరిదికి,

కిటికీల సంగతి చదివాక రెండు రోజులు పిండి ముట్టుకోలేదు. మూడో రోజు ఇనప పళ్లెం కొన్నాను.

నాలుగు, అయిదు ప్రయత్నాలు పూర్తయ్యాయి. అడుగు సరిగ్గా కాలింది. పేపరు మానేశాను. అయిదో పిజ్జా చూడ్డానికి మీ అక్క చేసినదానికి చాలా దగ్గరగా ఉంది. ఆ రోజు తను చేసినవాటి అంచు రెండు వేళ్ల వెడల్పు ఉండేది, నాదీ అంతే వచ్చింది. చీజు సాగితే పద్నాలుగు సెంటీమీటర్ల దగ్గర తెగింది.

ఉప్పు గురించి అడిగావు. ఉప్పు పదకొండు గ్రాములు. వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, రంగు మారలేదు కాబట్టి మాడలేదు. మిరియాలు ముప్పై.

అయిదోదాంట్లో రెండు ముక్కలు కార్ఖానాకి పట్టుకెళ్లాను. మా రుచి గదిలో నా పక్క కుర్చీలో కూర్చునే జూనియరు ఆవిడకి పెట్టాను. మొదటి ముక్కకి ఆవిడ ఎడమ కనుబొమ్మ కదల్లేదు, కుడిది సగం లేచింది. రెండో ముక్కకి రెండూ లేచాయి. ఫలితం తృప్తికరం.

మార్చి పదిహేను ఆదివారం. అంతకు ముందు ఆదివారం, అంటే ఎనిమిదిన, నేను పిజ్జా పట్టుకుని బస్సులో వద్దామనుకుంటున్నాను. నాలుగు గంటల ప్రయాణంలో అది ఎంత చల్లారుతుందో లెక్క చూస్తున్నాను. వస్తే ఆమె తలుపు తీస్తుందా? ఈ ఒక్కటి నాకు రాయి.

మీ బావ


తమ్ముడి ఇల్లు, వెనక వరండా
ఫిబ్రవరి 18

శ్రీవారికి,

ఇది మీ బావమరిది రాసింది కాదు. చేతిరాత చూసే గుర్తుపట్టి ఉంటారు. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే వాడు అన్నం ముందు కూర్చుని, “నేను నీకు ఒక సంగతి చెప్పకూడదక్కా,” అన్నాడు. చెయ్యి చాపాను, ఇచ్చేశాడు. అప్పటి నుంచి అన్నీ చదివాను. వాడు రాసినవాటిలో ఇనప పళ్లెం ఒక్కటి వాడిది, మిగతావన్నీ నేను చెప్పినవే. పేపరు సంగతి రాసినప్పుడే మీకు తెలిసిపోతుందనుకున్నాను. తెలియలేదు.

మొదట్లో నవ్వొచ్చింది. పలక కిందపడిన ఉత్తరం మరదలికి చదివి వినిపించాను. తరవాత నవ్వు ఆగిపోయింది. అయిదు పిజ్జాలు చేశారు మీరు. బరువు రాశారు, రంగు రాశారు, అడ్డం రాశారు, అంచు విరిస్తే వచ్చిన చప్పుడు కూడా రాశారు. రుచి రాయలేదు. వాడి చేత అడిగించాను. ఉప్పు ఎలా ఉందంటే పదకొండు గ్రాములన్నారు. ఎవరో ఆవిడ కనుబొమ్మలు ఎలా లేచాయో రాశారు. రోజుకి అరవై స్పూన్ల సాసు నాలుక మీద వేసుకుని, పంచదార ఒక్క గ్రాము ఎక్కువైతే పట్టుకునే మనిషి, తను చేసినది ఎలా ఉందో తను రాయలేదు.

మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్లీ చదివాను. తరవాత ఇంట్లో మీరు తిన్న తిండి ఎంత గుర్తుంటే అంత గుర్తు చేసుకున్నాను. మీరు ఏ వంట గురించైనా ఉప్పెక్కువైందనో, తక్కువైందనో అని ఎన్నాళ్లయింది? నాకు జ్ఞాపకం రాలేదు.

సూటిగా అడుగుతున్నాను. మీకు రుచి తెలుస్తోందా?

ఎనిమిదో తారీఖున మీరు రావద్దు. ముందు దీనికి జవాబు రాయండి.

నేను


కార్ఖానా క్వార్టర్సు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 22

నీకు,

తెలియడం లేదు.

ఆరేళ్లయింది. నాకు పన్నెండు రోజులు జ్వరం, జలుబూ వచ్చి, నువ్వు రాత్రీ పగలూ బ్రెడ్డూ పాలూ తినిపించావు, గుర్తుందా. అది తగ్గాక మొదటి రోజు కార్ఖానాకి వెళ్లి స్పూను నోట్లో పెట్టుకుంటే వేడి తెలిసింది, చిక్కదనం తెలిసింది. అంతే. డాక్టరు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాలేదు. బాగా పుల్లగా ఉన్నది తగిలితే నాలుక అంచున కొంచెం చురుక్కుమంటుంది. అదొక్కటి మిగిలింది. అందుకే ఇంట్లో అన్నిటి మీదా సాసు పోసుకున్నాను. ఏదో ఒకటి తెలియాలి కదా.

ఉద్యోగం ఎలా చేస్తున్నానని అడుగుతావు. మా గదిలో ఇద్దరం ఒకేసారి ఒకే సాసు రుచి చూస్తాం. జూనియరు ఆవిడకి పులుపు ఎక్కువైతే ఎడమ కనుబొమ్మ లేస్తుంది, తీపి ఎక్కువైతే కుడిది. బాగుంటే రెండూ. ఆవిడకి ఆ సంగతి తెలియదు. నేను అది చూసి కార్డు మీద సంతకం పెడతాను. ఆరేళ్లలో ఒక్క బ్యాచీ తప్పు పోలేదు. కిందటేడు నా నాలుకకి బహుమతి ఇచ్చారు, గోడ మీద నువ్వే మేకు కొట్టి తగిలించావు. అది ఆవిడ కనుబొమ్మలకి రావాల్సింది.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. నేను నీ పిజ్జా ఎలా ఉందో మొహాలు చూసి తెలుసుకోవాలి. నాకు వేరే దారి లేదు. అందరూ కొరికారు, అందరూ మాట మానేశారు. క్యాంటీను ఆవిడ మొహం చిట్లించి గోడ వైపు చూసింది. బాగాలేదనుకున్నాను. ఏడాది కష్టపడ్డావు, అందరి ముందూ నీ పరువు పోతుందనుకున్నాను. నాకు తెలిసిన మందు ఒక్కటే. పరుగెత్తి తెచ్చాను. నీ పరువు నిలబెడుతున్నానని అనుకుంటూనే పోశాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, మొదట్లో తిరిగి వచ్చేస్తుంది కదా అని చెప్పలేదు. తరవాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతావని చెప్పలేదు. ఆ తరవాత సిగ్గేసింది. నోటితో బతికేవాడికి నోరు లేదని భార్యకి ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు.

నువ్వు లేకపోతే నాకు బాగాలేదు. ఇది రాయడానికి మాత్రం ఎవరి మొహమూ చూడనక్కర్లేకపోయింది.

నీ భర్త


తమ్ముడి ఇల్లు, వెనక వరండా
ఫిబ్రవరి 27

శ్రీవారికి,

మీ ఉత్తరం చదివి కోపం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది.

ఆరేళ్లు. సూపు చేస్తే సూపు మీద సాసు. ఆమ్లెట్టు మీద సాసు. నా పుట్టినరోజుకి నేనే చేసుకున్న కేకు పక్కన కూడా సీసా పెట్టుకున్నారు, నేను చూస్తున్నానని పోసుకోలేదు. ఆరేళ్లుగా మీరు సీసా మూత తిప్పిన ప్రతిసారీ నా చెయ్యి చెడిపోయిందనుకున్నాను. మీది అంత గొప్ప నాలుక కదా, మీకు పనికిరాలేదంటే అది వంట కాదనే కదా అర్థం. వంటల పుస్తకాలు కొనుక్కున్నాను. మీరు డ్యూటీకి వెళ్లాక తీసి, వచ్చే లోపల పరుపు కింద పెట్టేదాన్ని. మీకు సిగ్గేసిందని రాశారు. నాకు వెయ్యలేదనుకున్నారా?

ఇంకొకటి కూడా చెప్తాను, చెప్పకపోతే మీకూ నాకూ తేడా ఉండదు. ఆ తెల్ల పిజ్జా నేను బడి క్యాంటీను కోసం మొదలుపెట్టలేదు. టమాటా సాసు పోసుకోవాలని మీకు అనిపించనిది ఒక్కటంటే ఒక్కటి చెయ్యాలని మొదలుపెట్టాను. మీరు ఒక ముక్క తిని, సీసా కోసం లేవకుండా కూర్చుంటే చాలనుకున్నాను. దానికి ఏడాది పట్టింది. ఆ తరవాతే, ఇంత బాగా వచ్చింది కదా, బయటివాళ్లకి కూడా పెడదాం అనిపించింది. ఆ రోజు నేను క్యాంటీను ఆవిడ వైపు చూడలేదు. మీ వైపు చూస్తున్నాను. మీరు లేచారు.

ఇంటికి వస్తానో రానో నాకే తెలియదు. రమ్మని మీరు అడిగితే రాను. మీరు నాకు చెప్పింది ఉత్తరంలో చెప్పారు, అదీ నేను అడిగితే. ఆరేళ్లు ఇంకొకరి మొహం చూసి సంతకం పెట్టిన మనిషితో నేను ఎలా కూర్చుని తినను? బాగుందని మీరు అంటే అది మీ మాటో, నా కనుబొమ్మో నాకు ఎలా తెలుస్తుంది? ముందు మీ కార్ఖానాలో చెప్పండి. చెప్పాక రాయండి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నేను పూచీ పడలేను.

నేను

అడుగున: బావగారూ, నేను బావమరిదిని. నువ్వుగింజ సంగతి మీరన్నదే నిజం. క్షమించండి. బేకరీ ఓనరు నిన్న మళ్లీ అడిగాడు. ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు.


కార్ఖానా క్వార్టర్సు, రెండో అంతస్తు
మార్చి 5

నీకు,

సోమవారం పొద్దున మేనేజరు గదికి వెళ్లి చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన చాలాసేపు నా నోటి వైపు చూశాడు. “మరి ఆరేళ్లూ?” అన్నాడు. కనుబొమ్మల సంగతి చెప్పాను. ఆవిణ్ని పిలిపించి ఒక స్పూను తినిపించి చూశాడు. ఎడమది లేచింది. ల్యాబు కాగితం తీసి చూస్తే ఆ సాసులో పులుపు ఎక్కువే ఉంది. “మీ ఉద్యోగం ఈవిడది,” అన్నాడు. న్యాయమే. నన్ను మూతలు బిగించే విభాగానికి మార్చారు. సీసా మూత గట్టిగా ఉందో లేదో చేత్తో తిప్పి చూడాలి. దానికి నేను పనికొస్తాను. జూనియరు ఆవిడ మాత్రం అద్దం కొనుక్కుందట.

గోడ మీది బహుమతి ఆవిడకి ఇచ్చేశాను. మేకు అలాగే ఉంది.

తరవాత బడి క్యాంటీనుకి వెళ్లాను. అది నువ్వు చెయ్యమనలేదు. ఆవిడకీ మొత్తం చెప్పాను. “మీకు రుచే తెలియనప్పుడు సాసు కావాలని ఎలా అనుకున్నారు?” అని అడిగింది. మీ మొహం చూసి అనుకున్నానని చెప్పాను. “నా మొహం ఎప్పుడూ ఇంతే,” అంది. తరవాత ఆవిడే చెప్పింది, ఆ మొదటి ముక్క వేడిగా ఉండి నాలుక కాలిందట, సాసు పడ్డాక చల్లారిందట, బాగుందన్నది అందుకట. సాసు లేకుండా ఇంకోసారి తిని చూస్తానంది. పదహారో తారీఖు సోమవారం నువ్వు తీసుకొస్తే తింటుంది. నీకు కుదరకపోతే ఆ సంగతి నేనే వెళ్లి చెప్పి వస్తాను. బేకరీలో నీకు నచ్చితే అక్కడే చేరు. నీ చేతిని ఆ ఓనరు సరిగ్గా గుర్తించాడు, నేను గుర్తించలేకపోయాను. రమ్మని అడగొద్దన్నావు, అడగడం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆదివారం ఆరో పిజ్జా చేశాను. నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. ఒక్కణ్నే కూర్చుని రెండు ముక్కలు తిన్నాను. మెత్తగా ఉంది, వేడిగా ఉంది. ఏడాది కూర్చుని నా కోసం చేశావు, దాని రుచి ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవర్ని అడిగినా బాగుందంటారు, అంతకు మించి చెప్పరు.

అది ఎలా ఉంటుందో రాస్తావా?

నీ భర్త


తమ్ముడి ఇల్లు, వెనక వరండా
మార్చి 10

ఏవండీ,

ఎలా ఉంటుందో రాయడం చెయ్యడం కంటే కష్టంగా ఉంది. మూడు కాగితాలు చింపాను. ఇవాళ ఒకటి చేసుకుని, పక్కన పెట్టుకుని, కొరుకుతూ రాస్తున్నాను. కాగితం మీద నూనె మరకలుంటే ఏమీ అనుకోకండి.

ముందు అంచు. మన మొదటి అద్దె ఇంటి కింద బేకరీ ఉండేది కదా, పొద్దున్నే కిటికీ తీస్తే ఒక వాసన వచ్చేది, మీరు పళ్లు తోముకోకుండా కిందకి పరుగెత్తేవారు. అంచు రుచి ఆ వాసనే. అప్పుడు మీకు అన్నీ తెలిసేవి కాబట్టి అది మీకు గుర్తుంటుంది.

లోపలికి వస్తే పాల తియ్యదనం. పంచదార తియ్యదనం కాదండీ. పాలు బాగా కాగి చిక్కబడ్డాక గరిటెతో కొంచెం తీసుకుని ఊదుకుంటూ తాగితే ఉంటుందే, అది. మీరు కొత్తలో అలా తాగి, నేను చూస్తే తాగలేదనేవారు. దాని మీద ఉప్పు చీజులోంచి వస్తుంది, పిండిలోంచి కాదు, అందుకని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా తగులుతూ ఉంటుంది. వెల్లుల్లి వెంటనే రాదు. పెళ్లికి ఆలస్యంగా వచ్చి ముందు వరసలో కూర్చునే బంధువులా, మీరు ముక్క మింగబోయేటప్పుడు వచ్చి నోరంతా ఆక్రమిస్తుంది. ఉల్లిపాయ తియ్యగా ఉంటుంది, అంచులు కొంచెం మాడి ఉంటాయి కాబట్టి రవ్వంత చేదు కూడా. పుట్టగొడుగులది వాన పడ్డాక మట్టి వాసన లాంటి రుచి. మిరియాలు నోట్లో తెలియవు. మింగాక గొంతులో తెలుస్తాయి, అప్పుడు ఇంకో ముక్క తియ్యాలనిపిస్తుంది. పులుపు ఎక్కడా ఉండదు. అది లేదన్న సంగతి పిజ్జా అయిపోయాక గాని గుర్తు రాదు.

ఇదండీ. ఇది రాస్తూ ఏడ్చాను. కోపం ఇంకా ఉంది, కానీ ఆరేళ్లు మీరు ఇవేవీ లేకుండా నా ఎదురుగా కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని లేచారన్న సంగతి తలుచుకుంటే తట్టుకోలేకపోతున్నాను. ఒక్కసారి చెప్పి ఉంటే రోజూ పక్కన కూర్చుని చెప్పేదాన్ని కదా, ఇవాళ ఇది ఇలా ఉంది, అది అలా ఉంది అని. నా నోరు ఊరికే ఉందా?

బేకరీ ఓనరుకి రానని చెప్పాను. ఆదివారం పొద్దున బస్సుకి బయల్దేరి పదకొండుకల్లా ఇంటికి వస్తాను. బస్టాండుకి రావద్దు. మీరు తొమ్మిదిన్నరకే పిండి కలిపి గుడ్డ కప్పి, అక్కడే ఉండండి.

మీ ఆవిడ